రెండుసార్లు పోసిన ఒడిబియ్యం

మా తమ్ముడి కొడుకు మొన్న ఫోన్ చేశాడు. మానుకోటలోని మా పాత ఇంటి గోడ మీద మున్సిపాలిటీ వాళ్ళు ఎర్రరంగుతో గీత గీసి పోయారట. రోడ్డు వెడల్పు చేస్తే ముందు అర్రలు, అంటే వీధివైపు గదులు, రెండూ పోతాయి. మిగిలిన సగాన్ని నిలబెట్టుకోవడం కన్నా మొత్తం పడగొట్టడమే నయమని వాడి ఆలోచన. ఏదో కాగితంలో ఇల్లు కట్టి ఎన్నేళ్ళయిందో రాయాలట. "అత్తమ్మా, మనింటి పాత ముచ్చట్లు నీకే ఎర్క, జర చెప్పు" అన్నాడు.

నాకు ఏళ్ళు తెలియవు. అందులో ఎవరెవరున్నారో తెలుసు. అదే చెప్పడం మొదలుపెట్టాను. వాడు ఐదు నిమిషాలు ఊకొట్టి, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. వాడిని అని లాభం లేదు, పనులున్నవాడు. మొదలుపెట్టిన మాట మాత్రం నాకు గొంతులోనే ఉండిపోయింది. కాగితం మీదైనా పెట్టకపోతే ఈ రాత్రి నిద్ర పట్టేట్టు లేదు.

ఆ ఇల్లు మా తాత తండ్రి కట్టించాడు. సేద్యమంతా ఊళ్ళోనే ఉన్నా, రైలు వచ్చాక స్టేషన్ దగ్గర ఒక నీడ ఉండాలని ఆయనకు పట్టుదల. దూలాలు గంగారం అడవి నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చాయి. దారిలో వాగు పొంగి బండ్లు మూడు రోజులు ఆగిపోతే ఇక్కడి నుంచి సద్ది కట్టి పంపారని అవ్వ చెప్పేది. అవ్వ అంటే బాపును కన్న తల్లి. దూలాలు వచ్చేనాటికి ఆమె ఇంకా పుట్టిందో లేదో. అయినా సద్దిలో ఏ తొక్కు పెట్టారో కూడా చెప్పేది.

ఇల్లు కట్టినప్పుడు చుట్టూ జొన్నచేలే. అవ్వ కాపురానికి వచ్చేసరికి ఎదురుగా ఒక ఇల్లు లేచింది. నాకు ఊహ తెలిసేసరికి వాడ నిండిపోయింది. పక్కన నూనె గానుగ, ఆ పక్కన దవాఖానలో పనిచేసే కాంపౌండర్ ఇల్లు, వాడ చివర మిర్చి గోదాము. మిర్చి దిగే రోజుల్లో వాడంతా తుమ్మేది. కొత్త చుట్టాలకు మొదటి పూట తుమ్ములతోనే గడిచిపోయేది. గానుగ తిరుగుతుంటే వచ్చే నువ్వుల వాసనకు మాకు అన్నంలోకి కూర అక్కర్లేదనిపించేది. బెజవాడ బండి పోయినప్పుడల్లా మా ఇంటికప్పు మీది గూనపెంకులు గలగలమనేవి, అవ్వ తలెత్తి వాటిని తిట్టేది.

ముందు అర్రలు రెండూ ఎప్పుడూ కిరాయికే ఉండేవి. దర్వాజ దగ్గర మనిషి అలికిడి ఉండాలని అవ్వ పట్టు. మొదట ఒక రైల్వే గార్డు కుటుంబం ఉండేది. రంజానుకు వాళ్ళు గిన్నెడు షీర్ ఖుర్మా పంపితే, గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదని అవ్వ దాంట్లో పెసర్లో అలసందలో పోసి పంపేది. తర్వాత జంగలాతు ఆఫీసు, అంటే అటవీశాఖ, గుమాస్తా వచ్చాడు. ఆయన పోయాక కూడా ఆ అర్రలో చాలాకాలం తేనె వాసన ఉండేది. ఆ తర్వాత వచ్చింది లెక్కల సారు, ఆయన భార్య.

వాళ్ళది బెజవాడ అవతల ఏదో ఊరు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఆమెకు ఇరవై ఏళ్ళుంటాయేమో. వచ్చిన రోజే మా అమ్మను, "వదినగారూ, కరివేపాకు ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగింది. మేము కల్యామాకు అనేవాళ్ళం. ఆ పూట నుంచి వాడ పిల్లలకు ఒక కొత్త ఆట దొరికింది. కోడి అండీ, గుడ్డు అండీ, బర్రె పేడ వేసిందండీ అని ఆమె గుమ్మం ముందు తిరిగేవాళ్ళం. ఆమె లోపలి నుంచి నవ్వేదే తప్ప ఒక్కసారి కసిరింది లేదు. తండా నుంచి పాలు తెచ్చే లంబాడీ ఆడమనిషిని కూడా ఆమె "మీరు" అనేది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు పాలామె, తన వెనక ఎవరైనా దొరసాని నిలబడిందేమోనని తిరిగి చూసింది.

నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె అవ్వను మామ్మగారూ అనేది. పప్పుచారులో బెల్లం వేస్తుందని అవ్వ రోజూ తిట్టేది. ఇది చారా పాయసమా అంటూనే రెండోసారి పోయించుకునేది. అవ్వ దగ్గర కూచుని ఆమె సర్వపిండి నేర్చుకుంది. గంజు గిన్నె లోపల పిండిని వేళ్ళతో అదమడం రాక మొదట ముద్దలా పెట్టింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని, తన చేత్తో అదిమి చూపించింది. అవ్వ మా అమ్మకు కూడా అంత ఓపిగ్గా ఏదీ నేర్పలేదు. అమ్మ ఈ మాట ముసలితనం దాకా మర్చిపోలేదు.

ఆ ఏడే తెలంగాణ ఉద్యమం లేచింది. బడి మూతపడింది. మాకు మొదట పండుగలా ఉండేది. పెద్దపిల్లలు ఊరేగింపులు తీసేవాళ్ళు, మేము వెనకాల అరుచుకుంటూ స్టేషన్ దాకా పోయి వచ్చేవాళ్ళం. మా వాడలో ముందుండేవాడు ఎదురింటి అన్న. కాలేజీ చదువు ఆపేసి వచ్చాడు. మా అరుగు మీద నిలబడి గంటసేపు మాట్లాడేవాడు. కొలువులు ఎవరికి పోతున్నాయో, నీళ్ళు ఎటు పోతున్నాయో, మన మాటను సినిమాల్లో నవ్వులాటకు ఎట్లా పెట్టుకున్నారో చెప్పేవాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

బడి లేదు కాబట్టి మధ్యాహ్నాలు అక్క నాకు పలక పట్టించేది. నా రాత అప్పటికి కోడి కెలికినట్టుండేది. ఆమె నా వెనక కూచుని, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, అక్షరాన్ని చివరిదాకా తిప్పించేది. రెండు నెలల్లో నా రాత కుదిరింది. పొద్దున ఊరేగింపులో అటువైపు వాళ్ళు వెళ్ళిపోవాలని అరిచి, మధ్యాహ్నం ఆమె ఒళ్ళో కూచుని దిద్దుకునేదాన్ని. ఈ రెండింటికీ ఏదో తేడా ఉందని నాకు తట్టనే లేదు.

ఒకరోజు వాడ పిల్లలం పందెం వేసుకున్నాం. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, అందరికన్నా రాత బాగున్నది కాబట్టి నన్నే రాయమన్నారు. ఆమె తలుపు మీద "మీ ఊరికి మీరు పోండ్రి" అని రాశాను. పెద్ద పెద్ద అక్షరాలు. రాసి, వెనక్కి జరిగి, ఎంత బాగా వచ్చిందో అని చూసుకున్నాను కూడా.

సాయంత్రం ఆమె బిందె చంకన పెట్టుకుని వచ్చి తలుపు ముందు ఆగింది. నేను స్తంభం వెనక నిలబడ్డాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "రాత గుండ్రంగా కుదిరిందమ్మా" అని లోపలికి పోయింది. తడిబట్ట తెచ్చి తానే తుడుచుకుంది. ఎవరికీ చెప్పలేదు. నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది. మర్నాడు మధ్యాహ్నం నేను పలక పట్టుకుని పోలేదు, ఆమె పిలవనూ లేదు.

సారు బదిలీ కాగితాల కోసం హైదరాబాదు పోయినప్పుడు ఒక సాయంత్రం పాతికమంది పోరగాళ్ళు మా ఇంటి ముందుకు వచ్చారు. అటువైపు వాళ్ళు అందరూ పోయారు, వీళ్ళెప్పుడు పోతారని అడిగారు. ఎదురింటి అన్న వెనక వరుసలో తలవంచుకుని ఉన్నాడు. ముందు వారమే ఆమె చేతి పులిహోర తిన్నవాడు. ఎవడో రాయి వేశాడు. రెండు గూనపెంకులు పగిలి అరుగు మీద పడ్డాయి. అవ్వ బయటికి వచ్చి ముందు పెంకుముక్కలు ఏరింది. గూన తన మామ వేయించిందని, దానికి ఏ ప్రాంతమూ తెలియదని చెప్పి, వేసినవాడు వచ్చి కొత్తవి వేసి పొమ్మంది. ఎవరూ ముందుకు రాలేదు. మెల్లగా చెదిరిపోయారు. లోపల అక్క గోడకు ఆనుకుని కూచుని ఉంది, ఏడవడం కూడా లేదు.

రెండు రోజులకు సారు బదిలీ కాగితంతో వచ్చాడు. గురువారం బండికి ప్రయాణం. ఇంక పోవడం ఖాయమే. అవ్వకు పట్టుకున్న బెంగ వేరే. ఆ పిల్ల ఈ గడప నుంచి తరిమేస్తే పోయిన మనిషిలా పోకూడదు, ఆడబిడ్డలా పోవాలి. ఒడిబియ్యం పోసి పంపుదామంది.

మా వైపు ఒడిబియ్యమంటే తెలియనివాళ్ళు లేరు. తల్లిగారింట్లో అయిదుగురు ముత్తయిదువలు ఆడబిడ్డ కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికెబట్ట పోస్తారు. పోసిన ఇల్లు ఆమెకు తల్లిగారిల్లు; మూడో ఏడు మళ్ళీ తోలుకొచ్చి పోయాలి. అందులో ఇంక వాదం లేదు. అయితే అవ్వకు బొట్టు లేదు, ఆమె పోయకూడదు. అయిదుగురు కావాలంటే వాడ ఆడవాళ్ళు రావాలి. వాళ్ళ కొడుకులేమో ఆ ఊరేగింపుల్లో ఉన్నవాళ్ళు. బాపుకు చెమటలు పట్టాయి. రేపు వాడలో బతకాల్సింది మనమే కదా అన్నాడు. బాపు మంచివాడే, కానీ పిల్లి అడ్డం వచ్చినా రెండు రోజులు ఇంట్లోనే ఉండే రకం. అమ్మ, పోయడానికి సరేనంది కానీ పిలవడానికి పోనంది. అవ్వ కుంకుమభరిణె నా చేతిలో పెట్టింది.

"ముందుగాల బొట్టు పెట్టు, ఎన్క సంగతి చెప్పు. బొట్టు పెట్టించుకున్నంక రానంటే బొట్టునే కాదన్నట్టు. ఏ ఆడది అట్ల అనది" అంది.

తలుపు మీది బొగ్గురాత, రాసిన రోజు నుంచి నన్ను తింటూనే ఉంది. పరుగెత్తాను. గానుగింటామె నవ్వి సరేనంది. కాంపౌండర్ భార్య భర్తను అడగాలంది, మళ్ళీ తానే అడగనవసరం లేదంది. పాలామెకు అవ్వ చెప్పినట్టు మా వాకిట్లోనే పెట్టాను. ఆమె చేతినిండా ఉన్న గాజులు సర్దుకుని, తండాలో ఆడపిల్ల పోయేటప్పుడు పాడుకుంటూ ఏడుస్తారని, కావాలంటే అదీ చేస్తానని చెప్పింది.

చివరికి ఎదురిల్లు. అన్న తల్లిని నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె పెసలు చెరుగుతోంది. బొట్టు పెడితే ముఖం విప్పుకుని ఏం పేరంటం బిడ్డా అని అడిగింది. చెప్పాను. చేట ఆగిపోయింది. లోపల అన్న చదువుతున్న పేపరు చప్పుడు కూడా ఆగిపోయింది.

"ముందుగాల బొట్టు పెట్టుమని నీ అవ్వ చెప్పిందా?" అంది పెద్దమ్మ.

అబద్ధం చెప్పలేక తలూపాను. ముసల్ది జిత్తులమారిది అని గొణిగి మళ్ళీ చేట అందుకుంది. వస్తానని అనలేదు. బొట్టు మాత్రం తుడుచుకోలేదు.

గురువారం పొద్దున్నే అమ్మ బచ్చాలు, అదే బొబ్బట్లు, చేసింది. ఇల్లంతా నెయ్యి, యాలకుల వాసన. చాప పరిచి అక్కను కూచోబెట్టారు. ఎందుకు, ఏమిటని ఆమె అడగలేదు. చెప్పినట్టు కొంగు పట్టింది. అమ్మతో కలిపి నలుగురయ్యారు. అయిదో మనిషి లేదు. బండికి టైమవుతోందని సారు గడియారం చూస్తున్నాడు. నలుగురు చాలదా అని బాపు పెరట్లోంచి అడిగాడు, అవ్వ ఆ వైపు చూడలేదు. దర్వాజ వైపే చూస్తూ కూచుంది.

అప్పుడు పెద్దమ్మ వచ్చింది. బియ్యం తన ఇంటి నుంచే కొలిచి తెచ్చుకుంది. మా బియ్యం ముట్టుకోనని కాబోలు అనుకున్నాను. ఆమె వెనక అన్న వచ్చి వాకిట్లోనే నిలబడిపోయాడు. పెద్దమ్మ నేరుగా అక్క ముందుకు పోయింది. కూచుని, దోసిళ్ళతో అయిదుసార్లు పోసింది. మిగతావాళ్ళు కూడా పోశారు. కొంగు నిండింది.

ఇంక లేచి, అందులోంచి అయిదు పిడికిళ్ళు మాత్రం ఇంటికి వదిలి, మిగతాది నడుముకు కట్టుకోవాలి. అక్క లేచింది. కొంగు వదిలేసింది. బియ్యమంతా చాప మీదికి జారిపోయింది, కుడుకలు దొర్లుకుంటూ గోడ దాకా పోయాయి.

"వెళ్ళిపొమ్మని ఇచ్చే బియ్యమైతే నాకొద్దు మామ్మగారూ" అంది.

ఒడిబియ్యం నేలపాలు కావడం కన్నా పెద్ద అపశకునం మా వాళ్ళకు లేదు. కాంపౌండర్ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. అవ్వ మెల్లగా లేచి ఆమె ముందుకు వచ్చింది.

"పంపనీకి పోస్తరా బిడ్డా ఒడిబియ్యం? మల్ల తోల్కరానీకి పోస్తరు. మూడో ఏడు నిన్ను తోల్కరానీకి ఈ వాడ నుంచి మనిషి వస్తడు. రాకుంటే నన్నడుగు."

ఆమె అప్పుడు ఏడ్చింది. అన్ని రోజులది ఒక్కసారే వచ్చింది. అందరికన్నా ముందు కదిలింది పెద్దమ్మే. చాప మీద కూలబడి రెండు చేతులతో బియ్యం పోగు చేసింది. తనది, మాది, గానుగింటిది అన్నీ కలిసిపోయాయి. "చాప మీద వడ్డయి నేల మీద వడ్డట్టు గాదు, కొంగు పట్టు పిల్లా" అని గదిమింది. మళ్ళీ అయిదుగురూ పోశారు. ఇట్లా రెండుసార్లు పోయించుకున్న ఆడబిడ్డను ఎక్కడా చూడలేదని గానుగింటామె అనేసరికి, ఏడుస్తున్న అక్క కూడా నవ్వింది. పాలామె పాట ఎత్తుకుంది. ఆ మాటలు మాకు ఒక్కటీ అర్థం కాలేదు కానీ అందరం కళ్ళు తుడుచుకున్నాం.

తర్వాత ఆ బియ్యాన్ని నడుము నుంచి విప్పి మూట కట్టారు; ఆడబిడ్డ మూట అన్నదమ్ములు మోయాలి. అవ్వ పెరటి వైపు చూసి, కొడుకు మీద ఆశ వదులుకుని, వాకిట్లోకి చూసింది. అన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చి మూట భుజానికెత్తుకున్నాడు. స్టేషన్ దారిలో హోటల్ ముందు కూచున్న అతని జతగాళ్ళు ఆ మూట చూసి లేచి నిలబడ్డారు. అదేం మూటో వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. దారి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆమెను అక్కా అనకూడదని, అత్తమ్మా అనాలని అవ్వ నాకు చెప్పింది.

అవ్వకు చదువు రాదు కాబట్టి ఉత్తరాలు నేనే రాసేదాన్ని. ఒకదాని చివర సందు చూసుకుని నా బొగ్గురాత తప్పు ఒప్పుకున్నాను. జవాబులో ఆమె దాని మాటే ఎత్తలేదు. మొదట్లో మాత్రం "మా మేనకోడలికి" అని రాసింది. ఆ ఉత్తరం చాలా ఏళ్ళు నా దగ్గరే ఉండేది, ఎప్పుడు పోయిందో తెలియదు.

మూడో ఏడు వచ్చింది. మాది చల్లబడితే, ఈసారి అటువైపు వాళ్ళు వేరు కావాలని లేచారు. అక్కడ బండ్లు ఆపుతున్నారని వార్తలు. అవ్వ తోలుకురావాలనగానే బాపుకు నడుం నొప్పి వచ్చింది. ఆ నొప్పి ఎప్పుడూ సమయానికే వచ్చేది. అవ్వ ఏమీ అనకుండా ఎదురింటి వైపు చూసింది. అన్నకు అప్పటికింకా కొలువు దొరకలేదు. మారు మాట లేకుండా సంచీ సర్దుకుని పోయాడు.

రెండు రోజుల్లో రావాల్సినవాడు తొమ్మిది రోజులు రాలేదు. ఉత్తరం లేదు, తంతి లేదు. పెద్దమ్మ రోజూ వచ్చి మా అరుగు మీద కూచునేది. అవ్వతో ఒక్క మాట మాట్లాడేది కాదు. తిట్టినా బాగుండేదని అవ్వ లోపలికి వచ్చి అనేది. ఆ తొమ్మిది రోజులూ అవ్వ సరిగ్గా అన్నం తినలేదు. ప్రతి బండికీ నేను స్టేషన్‌కు పోయి ఉత్త చేతులతో వచ్చేదాన్ని.

పదో రోజు వాళ్ళు దిగారు. గడ్డం మాసిన అన్న, అతని భుజం మీద ఒక ఏడాది పిల్ల, వెనక అత్తమ్మ. పెద్దమ్మ కొడుకును తడిమి తడిమి చూసింది. ఏమైందని అవ్వ అడిగింది.

"బండ్లు బందువెట్టిండ్రు, ఆడి పోరగాండ్లు గూడ మా లెక్కనే ఉన్నరవ్వా. ఇంటి ముందటికొచ్చి, ఈ తెలంగాణోడు ఎవడని అడిగిండ్రు. నేను నోరు తెరువకముందే గీమె దర్వాజ కాడికొచ్చింది."

"ఏమన్నది?"

"మా అన్నయ్య అన్నది."

ఇంకేం చెబుతాడా అని అందరం చూశాం. గంటలకొద్దీ మాట్లాడగలిగిన మనిషి అక్కడితో ఆగిపోయి, బావి దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

పెద్దమ్మ అత్తమ్మ చెయ్యి పట్టుకుని, బిడ్డను చంకనేసుకుని, రోడ్డు దాటి తన ఇంటికి తీసుకుపోయింది. అన్న ఎవడో ఆ అన్న ఇల్లే తల్లిగారిల్లంది. ఆ ఏడు ఒడిబియ్యం వాళ్ళింట్లోనే పోశారు. అవ్వ అలిగి ఆ పూట బచ్చం ముట్టలేదు. ఆమె ముఖంలో అంత సంతోషాన్ని మాత్రం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. అసలు తల్లిగారిల్లు ఏది, మాదా వాళ్ళదా అని అవ్వా పెద్దమ్మా బతికినన్నాళ్ళూ రోడ్డుకు అటూ ఇటూ కూచుని కొట్లాడుకున్నారు. ఆ తగువు తెగకుండానే ఒకరి వెనక ఒకరు పోయారు. ఇద్దరి చావుకూ అత్తమ్మ వచ్చింది. రెండిళ్ళ ముందూ కన్నబిడ్డ ఏడ్చినట్టే ఏడ్చింది, ఎవరూ ఆమెను నీవెవరని అడగలేదు.